ఎడమ కాలు జానెడు పొట్టి

ఆ వీధి పిల్లలకు పిచ్చి పట్టిన సంగతి అందరికన్నా ముందు తెలిసింది టైలరు మాస్టారికే. ఎందుకంటే అది ఆయన కొట్టు ముందే పట్టింది.

కొట్టుకు వీధి వైపు గోడంతా అద్దమే. అద్దం వెనక కోటు తొడుక్కున్న చెక్క బొమ్మ, బొమ్మ వెనక కత్తిరింపు బల్ల, బల్ల వెనక మాస్టారు. పిల్లలకు కోటుతోనూ బొమ్మతోనూ మాస్టారితోనూ పనిలేదు. అద్దంలో తమ రూపం తల నుంచి కాలి దాకా కనిపిస్తే చాలు. బడి వదలడం ఆలస్యం, గుంపుగా వచ్చిపడి, ఫోను ఒకటి అద్దం వైపు చూసేలా ఎదుటి స్తంభానికి ఆనించి, వరసగా ఒంటికాలి మీద నిలబడేవాళ్లు.

దాని పేరు కొంగ. ఎక్కడో ఎవడో కుర్రాడు చూసుకోకుండా నీళ్ల గుంటలో కాలు వేసి, తడిసిన కాలు విదిలించుకుంటూ గెంతితే, పక్కనున్నవాడు అది వీడియో తీశాడట. అంతే. లోకంలో ఉన్న కుర్రకారంతా పొడి నేల మీద నిలబడి, లేని నీళ్లు విదిలించుకోవడం మొదలుపెట్టింది. ఫోనులో పాట మోగగానే కుడికాలి మీద నిలబడాలి. ఎడమకాలు విదిలించాలి. గెంతాలి, చుట్టూ తిరగాలి, మళ్లీ విదిలించాలి. ఇదంతా ఒక ఎత్తు, ముఖం ఒక ఎత్తు. కళ్లు ఆకాశంలోకి పెట్టాలి, ముఖంలో భావమనేది మచ్చుకైనా ఉండకూడదు. నవ్వు వచ్చిందా, ఆ వీడియో పనికిరాదు, మళ్లీ మొదటి నుంచి.

"ముఖాలకు ఇస్త్రీ చేయించుకొచ్చినట్టున్నారు," అన్నారు మాస్టారు.

"మీకు నచ్చాలి మరి. ఒక్క ముడతా లేదు," అంది భార్య. ఆవిడ మూలన స్టూలు మీద కూర్చుని కాజాలు కుడుతోంది. మాస్టారు కుట్టిన ప్రతి చొక్కాకీ కోటుకీ కాజాలూ గుండీలూ ఆవిడవే. ఆయన కోపాలకు జవాబులు కూడా ఆవిడవే.

ఆ గుంపుకు నాయకురాలు పదిహేనేళ్ల పిల్ల ఒకతె. జుట్టంతా చుట్టలు చుట్టలుగా లేచి ఉండేది కాబట్టి అందరూ స్ప్రింగు అని పిలిచేవాళ్లు. ఒకరోజు ఆ స్ప్రింగు అద్దం మీద టకటకా కొట్టింది.

"తాతా, లోపల లైటు ఆర్పండి. మీరు కనిపిస్తున్నారు."

"నా కొట్లో నేను కనిపించక ఇంకెవరు కనిపిస్తారే?"

"కనిపిస్తే కనిపించారు, అలా మెడ ఆడించకండి. వ్యూస్ పడిపోతున్నాయి."

మాస్టారు ఆ రోజంతా మెడ ఆడిస్తూనే ఉన్నారు. చీమలు పాకితే విదిలించుకునేవాడు కూడా వీళ్లకన్నా అందంగా విదిలిస్తాడని, అప్పుడే పుట్టిన కోడిపిల్లకైనా రెండుకాళ్ల మీద నిలబడాలన్న జ్ఞానం ఉంటుందని, ఈ పిల్లలు తిన్నది అరగక కాదు, బుర్రలోకి ఏమీ ఎక్కక ఇలా ఎగురుతున్నారని, వచ్చిన ప్రతి మనిషికీ చెప్పారు. కోటు కొలతలకు వచ్చిన పెద్దమనిషికి మెడ చుట్టూ టేపు బిగించి మరీ చెప్పారు. ఆ పెద్దమనిషి మాట్లాడలేక తల ఊపాడు.

డ్యాన్సుతో పోయి ఉంటే బాగుండేది. విదిలించే కాలు వీడియోలో బాగా కనబడాలని పిల్లలు ప్యాంటు ఎడమకాలిని జానెడు మేర కత్తిరించుకోవడం మొదలుపెట్టారు. కుడికాలు మామూలే. అది చూసిన రోజు మాస్టారి గుండె ఒక కుట్టు తప్పింది. ఒకడి అంచు ఎలకలు కొరికినట్టుంది. ఇంకొకడిది దారాలు ఊడి నేల ఊడుస్తోంది. ఆయన ఆగలేక తలుపు తీసి ఒకణ్ణి లోపలికి లాగారు.

"ఎవడు కత్తిరించాడ్రా దీన్ని?"

"నేనే."

"దేంతో?"

"వంటింటి కత్తెరతో."

"అందుకే పోగులు పోగులుగా వేలాడుతోంది. విప్పు."

"ఇక్కడా!"

"ఇక్కడే మరి, నడివీధిలో కొంగలా గెంతడానికి లేని సిగ్గు ఇప్పుడొచ్చిందా? తెర వెనక్కి వెళ్లి విప్పి ఇటు విసురు."

ఆ అంచును ఆయన సరిగ్గా కోసి, లోపలికి మడిచి, కుట్టు బయటికి కనబడకుండా కుట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చారు. డ్యాన్సు మీద అసహ్యం ఎంతైనా, పాడైపోయిన అంచు మీద అసహ్యం అంతకంటే పెద్దది. దాంతో కొంప మునిగింది. మర్నాటి నుంచి వీధిలోని కొంగలన్నీ ప్యాంట్లు చంకన పెట్టుకుని ఆయన గుమ్మంలో వాలాయి.

"రెండుకాళ్లూ సమంగా తేవడానికి జన్మంతా ధారపోశాను. ఇప్పుడు కుంటిప్యాంట్లు కుట్టే గతి పట్టింది," అన్నారాయన.

"మానెయ్యండి."

"మానేస్తే మళ్లీ వంటింటి కత్తెర ఎత్తుతారు వెధవలు."

"అయితే కుట్టండి."

"కుడితే నెత్తికెక్కుతారు."

"అయితే నన్ను అడక్కండి, నాకు కాజాలున్నాయి."

పని పెద్దదేం కాదు. రెండుకాళ్లూ బల్ల మీద పక్కపక్కన పరచడం, ఎడమకాలిని జానెడు పైకి మడవడం, సుద్దగీత, కత్తెర, అంచు. మొదట్లో ప్రతి ప్యాంటునూ తిట్టుకుంటూ కుట్టేవారు. రానురాను చెయ్యి దాని దారిన అది కుట్టుకుపోతుంటే నోరు దాని దారిన అది తిట్టుకుపోయేది. కన్ను కూడా మెల్లిగా అటే తిరిగింది. సమంగా ఉన్న ప్యాంటు ఏదైనా కనబడితే, ఇంకా పని మిగిలిపోయిందేమో అని ఒక్క క్షణం అనిపించేది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

"మీ కాలు చూసుకోండి," అంది భార్య ఒక మధ్యాహ్నం.

"నా కాలికేం?"

"మిషను తొక్కుడు చూసుకోండి. టకటక టక్, టకటక టక్. ఆ పిల్లల కొంగ పాటే అది."

మాస్టారు కాలు ఠక్కున ఆపేశారు. కాసేపటికి అది మళ్లీ మొదలైంది.

సరిగ్గా ఈ పిచ్చి ముదిరిన రోజుల్లోనే కూతురి పెళ్లి కుదిరింది. ఆ పిల్ల కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. ఒకసారి ఆ భవనం లిఫ్టులో ఇరుక్కుపోతే, బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్కు తలుపు సందులోంచి కబుర్లు చెప్పి భయం పోగొట్టాడు. తలుపు తెరుచుకునే సరికి ఆ పిల్లకు బయటికి రావాలన్న తొందర పోయింది. "పైకీ కిందికీ తప్ప పక్కకు కదలడం తెలియని ఉద్యోగం," అన్నారు మాస్టారు అల్లుడి గురించి. కానీ కూతురి ముఖం చూసి ఊరుకున్నారు. పెళ్లి దగ్గర పడేకొద్దీ ఆ పిల్లకు ముట్టుకున్నదల్లా సంబరమే. కొత్త చెప్పుల పెట్టెలో గరగరలాడే కాగితం చప్పుడు కోసం మూత తీసి పెట్టి, తీసి పెట్టి, వాళ్లమ్మ చేత తిట్లు తినేది. తిట్లు తిని నవ్వేది.

పెళ్లికి మేళాలూ ఆర్భాటాలూ వద్దనుకున్నారు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, తర్వాత భోజనాలు. కాబట్టి పెళ్లన్నదంతా పెళ్లికొడుకు సూటులోనే ఉందని మాస్టారు తీర్మానించారు. పావురం రంగు ఉన్ని గుడ్డ ఒకటి ఆయన బీరువాలో ఎన్నో ఏళ్లుగా ఉంది. అది నేసిన మిల్లు ఎప్పుడో మూతపడింది. ఒక్క సూటుకు సరిపోతుంది, అరచేతి వెడల్పు కూడా మిగలదు.

దానికి అడ్డుపడింది వియ్యపురాలు. ఆవిడ పెద్ద షోరూములో మగవాళ్ల రెడీమేడు సూట్ల విభాగం చూస్తుంది. మాట మెత్తన, చూపు టేపు.

"మీకెందుకు శ్రమ అన్నయ్యగారూ? మా షోరూములో మంచి సూటుంది. వాడికి వేసి చూశాను, అతికినట్టు సరిపోయింది."

"రెడీమేడంటే ఎవరి కోసమూ కుట్టని బట్ట చెల్లెమ్మా. ఎవరి కోసమూ కుట్టనిది నా అల్లుడెందుకు తొడుక్కోవాలి?"

"చేత్తో కుట్టేచోట పొరపాట్లుంటాయి కదండీ. ఫ్యాక్టరీలో అయితే అన్నీ ఒకే అచ్చు."

మాస్టారు బల్ల మీది కత్తెర ఎత్తి ఆవిడ ముందు పెట్టారు. "నా చేతికి పొరపాటు వచ్చిన రోజు ఈ కత్తెర మీకిచ్చేసి, మీ షోరూము గుమ్మం దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్లకు తలుపు తీస్తాను. సరేనా?"

"అంత మాటెందుకులెండి," అంది వియ్యపురాలు, కత్తెర వైపు తీరిగ్గా చూస్తూ. "ఆ సూటు మాత్రం కారులో పెట్టుకునే వస్తాను. ఎందుకైనా మంచిది."

ఆ 'ఎందుకైనా మంచిది' మాస్టారి చెవిలో సూదిలా ఉండిపోయింది. కోటు కుట్టినంత సేపూ, భుజాలు కూర్చినంత సేపూ అది గుచ్చుతూనే ఉంది. ట్రయలు వేసినప్పుడు అల్లుడి వీపు మీద కోటు నీళ్లు జారినట్టు జారింది. ఇక మిగిలింది ప్యాంటు అడుగు అంచులే. బూట్ల ఎత్తు చూసుకుని అంచులు మాత్రం చివర్లో కుట్టడం ఆయన పద్ధతి.

పెళ్లి ముందురోజు సాయంత్రం ఆ పనికి కూర్చున్నారు. భార్య పైన ఇంట్లో చుట్టాలతో ఉంది. అద్దం బయట కొంగలు ఎన్నడూ లేనంతమంది చేరాయి. ఈసారి స్పీకరు కూడా తెచ్చారు. అద్దం దడదడలాడుతోంది. మాస్టారికి ఒళ్లు మండిపోయింది. తిట్టడానికి ఎదురుగా మనిషి లేక చెక్క బొమ్మను తిట్టారు.

"చూడు! ఆ స్ప్రింగుని చూడు! ఆకాశంలో ఏం కనబడుతోందట? అక్కడ మార్కులేమైనా వేస్తున్నారా? ఆ లావుపాటివాణ్ణి చూడు, విదిలించడం కూడా రాదు, వాడొక కొంగ! కాలు మోకాలి నుంచి విదిలిస్తున్నాడు గాడిద, మడమ నుంచి కదా విదిలించాలి!"

బొమ్మ ముఖంలో ఏ భావమూ లేదు. అది పుట్టుకొంగ.

నోరు అలా నడుస్తుండగా చెయ్యి పరిచింది, మడిచింది, గీసింది, కోసింది. కాలు మిషను తొక్కింది. టకటక టక్. పాట ఆగేసరికి పని అయిపోయింది. ప్యాంటు ఎత్తి వెలుతురుకు పట్టి చూశారు. కంటికి ఇంపుగా ఉంది. అంచు గీసినట్టుంది. ఇస్త్రీ చేసి, కోటుతో పాటు గుడ్డసంచిలో పెట్టి, జిప్పు లాగి, "ఇప్పుడు రమ్మను రెడీమేడుని," అన్నారు బొమ్మతో.

మర్నాడు పొద్దున్న అందరూ కొట్లోనే చేరారు. అల్లుడు తన ఎదుటే సూటు తొడుక్కోవాలని మాస్టారి పట్టు. కూతురు కొత్త బట్టల్లో కుదురుగా నిలబడలేక గుండీల డబ్బా తీసి మూసి ఆడుతోంది. వియ్యపురాలు చేతిలో కారు తాళం ఉంది. భార్య బల్ల కింద చెత్తగుడ్డల బుట్ట సర్దుతోంది.

తెర తొలగింది.

కోటు అద్భుతంగా ఉంది. కుడికాలు బూటు మీద సరిగ్గా వాలింది. ఎడమకాలు మాత్రం పిక్క దగ్గరే ఆగిపోయింది. దాని కింద, కూతురు ముచ్చటపడి కొనిచ్చిన మేజోడు, ఎవరికీ కనబడదులే అనుకుని కొన్న పసుపుపచ్చ మేజోడు, వెలిగిపోతోంది.

మాస్టారికి ముందు ఏమీ అర్థం కాలేదు. ఆయన కంటికి ప్యాంటు బాగానే ఉంది! ఆ తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక బల్ల పట్టుకున్నారు. గుడ్డ లేదు. అలాంటిది లోకంలోనే లేదు. ఉన్న ముక్క అతికిస్తే పిక్క చుట్టూ అతుకు.

"అన్నయ్యగారూ," అంది వియ్యపురాలు, చాలా మెత్తగా. ఆవిడ చేతిలో కారు తాళం గలగలమంది.

అప్పుడు పెళ్లికొడుకు తన ఎడమకాలి వైపు చూసుకున్నాడు. మెల్లిగా కుడికాలి మీద నిలబడ్డాడు. కళ్లు పైకప్పు మీద పెట్టాడు. ముఖం చదునుచేసి పసుపుపచ్చ మేజోడు విదిలించాడు. గెంతాడు, తిరిగాడు, మళ్లీ విదిలించాడు. మడమ నుంచే.

"మామయ్యా! మీకెలా తెలిసింది?" అన్నాడు ముఖమంతా నవ్వుతో. "మేం ఎవరికీ చెప్పలేదే!"

"ఏం తెలిసింది?"

"నాన్నా, మేమిద్దరం ఎన్నాళ్ల నుంచో నేర్చుకుంటున్నాం," అంది కూతురు. "సంతకాలయ్యాక వేద్దామని. నువ్వు చూస్తే చంపేస్తావని లిఫ్టులో ప్రాక్టీసు చేశాం. ఈయన లిఫ్టుని రెండంతస్తుల మధ్య ఆపేస్తారు."

"ఆపేస్తాడా? జనం ఎక్కే లిఫ్టునా?"

"కొంచెం సేపే మామయ్యా. బోర్డు పెట్టి."

మాస్టారు కూతురి వంక చూశారు, అల్లుడి వంక చూశారు. ఇన్నాళ్లూ అద్దం బయట ఉన్నాయనుకున్న కొంగలు ఇంట్లోనే గూడు కట్టాయి. కన్నపిల్లను చేజేతులా ఒక కొంగ చేతిలో పెడుతున్నారు. ఆ పిల్ల వచ్చి ఆయన మెడ చుట్టూ చేతులు వేసింది.

"కొంగంటే అంత అసహ్యం కదా నాన్నా నీకు. నా కోసం ఆ పంతం కూడా వదిలేశావా?" ఆ పిల్ల కళ్లలో నీళ్లున్నాయి, నోట్లో నవ్వుంది.

"అన్నయ్యగారూ," అంది వియ్యపురాలు మళ్లీ. "ఇంతకీ ఇది కావాలనే కుట్టారా?"

ఆవిడ చూపు ఆయన ముఖం మీద లేదు, బల్ల మీది కత్తెర మీద ఉంది. మాస్టారికి రెండే దారులు కనిపించాయి. చెయ్యి తప్పిందని ఒప్పుకుంటే కారులోంచి ఫ్యాక్టరీ సూటు దిగుతుంది, కత్తెర ఆవిడదవుతుంది, అల్లుడు ఎవరి కోసమూ కుట్టని బట్టలో పెళ్లాడతాడు. ఒప్పుకోకపోతే, ఆ గాడిదల గుంపులో తానొకడు. జీవితమంతా నడ్డి వంచి సంపాదించిన పరువు ఒక చేతిలో, ఇన్నాళ్లూ నోరారా తిట్టిన తిట్లన్నీ ఇంకో చేతిలో. ఏదో ఒకటే మిగులుతుంది.

"కావాలనే," అన్నారు.

"జానెడు మేరా?"

"జానెడే ఉండాలి. తక్కువైతే విదిలింపు కంటికి ఆనదు. ఎక్కువైతే మోకాలు బయటపడి కాలు లావుగా కనబడుతుంది." ఇంత శాస్త్రం తన నోట్లోంచి తడుముకోకుండా వస్తుంటే ఆయనకే వెగటు పుట్టింది. "కుర్రకారు మోజు చెల్లెమ్మా. ఫ్యాక్టరీవాళ్లకు ఇవి ఎప్పటికి తెలియాలి?"

వియ్యపురాలు తాళం సంచిలో వేసుకుంది. భార్య బుట్ట దగ్గరి నుంచి లేచి, ఆయనకు కోటు తొడిగి, పైజేబు దగ్గర ఏదో సర్ది, చేత్తో తట్టింది.

ఆఫీసు రెండు వీధుల అవతలే, నడిచే బయల్దేరారు. పసుపుపచ్చ మేజోడు ముందు నడుస్తోంది. ఇక వీధిలో కొంగలన్నీ చూస్తాయి, కేకలు పెడతాయి, ఫోన్లు ఎత్తుతాయి, తాత కూడా మనోడేరా అంటాయి. మాస్టారు పళ్లు బిగించి దానికి సిద్ధపడ్డారు.

ఆఫీసు ఎదురుగా పిల్లలంతా ఉండనే ఉన్నారు. గోడకు వరసగా వీపులు ఆనించి నిలబడ్డారు. ఎవరూ గెంతడం లేదు. స్ప్రింగు పెళ్లికొడుకు కాలి వైపు చూసి, కనుబొమ్మలు ముడిచింది.

"కొంగా? ఇంకానా?"

"ఇంకా అంటే?" అన్నారు మాస్టారు.

"అయిపోయింది తాతా కొంగ. ఎక్కడో ఎవరో మంత్రి వేశాడంట నిన్న, కోటేసుకుని. ఇంకెవరు వేస్తారు?" ఆ పిల్ల జాలిగా నవ్వింది. "ఇప్పుడంతా గోడ."

"గోడంటే?"

"ఇదే. చూస్తున్నారుగా."

"ఏం చెయ్యాలి ఇందులో?"

"ఏం చెయ్యకూడదు." ఆ పిల్ల తల వెనక్కి ఆనించింది. "మా ప్యాంటు కాళ్లు మళ్లీ అతికిస్తారా తాతా? గోడకి రెండూ సమంగా ఉండాలి. రేపు అందరం తెస్తాం."

"అతుకు నా కొట్లో కుట్టరు!"

"సర్లెండి, కాజాల అమ్మమ్మ కుడతారులే. అయినా పర్లేదు తాతా, మీ వయసుకి తొందరగానే అందుకున్నారు." పక్కనున్న లావుపాటివాడు కళ్లు తిప్పి ప్యాంటు వంక చూసి, చూడదగ్గది కాదన్నట్టు మళ్లీ ఆకాశం వంక చూశాడు.

ఒరే, నేను మీవాణ్ణి కాదురా, చెయ్యి తప్పిందిరా అని మాస్టారికి అరవాలనిపించింది. పక్కనే వియ్యపురాలు నడుస్తోంది. ఆ మాట మింగేశారు. అసహ్యించుకోవడంలో ఆ వీధిలో తనను మించినవాడు లేడని ఇన్నాళ్లూ అనుకున్నారు. ఆ లావుపాటివాడి ఒక్క చూపు ముందు తన తిట్లన్నీ ప్రేమలేఖల్లా ఉన్నాయి.

సంతకాలయ్యాయి. గుమాస్తా రబ్బరు ముద్ర కొట్టగానే, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ వరండాలోకి పరుగెత్తి ఒంటికాలి మీద నిలబడ్డారు. విదిలించగానే పెళ్లికూతురికి నవ్వొచ్చింది. ఆ పిల్లను చూసి అతనికీ వచ్చింది. ఒకరి భుజం ఒకరు పట్టుకుని పడిపోతూ నవ్వారు. పాతబడిన డ్యాన్సు, అదీ తప్పు డ్యాన్సు. మాస్టారికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చూపు మాత్రం పక్కకు తిప్పలేదు.

"అరె, చూడండి అన్నయ్యగారూ," అంది వియ్యపురాలు ఉన్నట్టుండి ఆయన గుండె వైపు చెయ్యి చూపిస్తూ. "అల్లుడి ప్యాంటు గుడ్డతోనే జేబురుమాలా! మామా అల్లుళ్లకు ఒకటే రంగు! ఎంత ముందుచూపండీ మీది! మా షోరూములో ఈ ఆలోచన ఎవరికీ రాదు."

మాస్టారు తల వంచి చూసుకున్నారు. కోటు పైజేబులో పావురం రంగు గుడ్డ మూడు మొనలు తేలేలా మడిచి ఉంది. ఒక మొన మీద ఆయన గీసిన సుద్దగీత ఇంకా చెరగలేదు.

భార్య వైపు తిరిగారు. ఆవిడ వరండా స్తంభం పక్కన నిలబడి ఉంది. కళ్లు పైకప్పు మీద పెట్టింది. ముఖంలో భావమనేది మచ్చుకైనా లేదు.